సోహార్ బస్సులో రోమన్లు

పనికోసం వచ్చిన ఈ అరబ్బు దేశంలో, సోహార్ ఊరి నుంచి వచ్చే బస్సులో రోమన్ల చరిత్ర చదువుతున్నాను. ఇంట్లోనే చదువుకున్నదాన్ని కాబట్టి నాకు గొంతు పైకి రాకుండా చదవడం రాదు. పక్క వరుసలో ఒకాయన కాలు ఊపుతూ వింటున్నాడు.

"రాజును ఎల్లగొట్టిన్రు సరే అక్కా, తర్వాత ఎవలు నడిపిన్రు?" అని అడిగాడు.

ఏటా ఇద్దరు పెద్దలను ఎన్నుకునేవారనీ, ఏడాది కాగానే వాళ్లు దిగిపోవాలనీ చెప్పాను.

"మా రూమ్‌ల మెస్సు లెక్కనే. నెలకొకడు ఇంచార్జి. మరి ఆ పద్ధతి ఎట్ల చెడిపోయింది?"

"కొట్లాటలతో జనం అలసిపోయారు. బాగా చూసుకునే ఒకడికి అన్నీ అప్పగించారు. అతను రాజునని ఎన్నడూ అనలేదు. తర్వాత చెడ్డవాళ్లు వచ్చినా దింపే దారి లేకపోయింది."

ఆయన కాలు ఆగింది. "ఈ నెల ఇంచార్జిని నేనే. రూమోళ్లు నన్ను గూడ ఇగ ఎప్పటికీ నువ్వే ఉండు అన్నా అంటున్నరు. నాకు గూడ మంచిగనే అనిపిస్తున్నది."

ఫోను తీశాడు, జేబులో పెట్టాడు, మళ్లీ తీసి రూమ్‌కు చేశాడు.

"అరే, రేపటి సంది మల్లేశం ఇంచార్జి. ఏందీ, కూరల ఉప్పు గుమ్మరిస్తడా? గుమ్మరియ్యనియ్యి, తిందాం."

అవతలి కేకలు నాకూ వినిపించాయి. "ప్రేమతోని తిడుతున్నరక్కా, గదే కష్టం" అంటూ నవ్వబోయి నవ్వలేకపోయాడు.

అల్ మవాలే స్టాపులో దిగిపోయాడు. రూమ్‌వాళ్లు మళ్లీ ఒప్పించారేమో తెలియదు. ప్రార్థనలో నాకు చదువు చెప్పినవాళ్లను తలచుకునేటప్పుడు, నేను చదివినదాన్ని చేసి చూపించిన ఆయన కూడా గుర్తొస్తాడు. కృతజ్ఞత చెప్పి ఊరుకోలేను. దిగిపోతానన్న ఆ మాట మీద ఆయనను నిలబెట్టమని కూడా దేవుణ్ని అడుగుతాను.