జపాను కత్తి, తాత నీళ్ళబుర్ర

ఈ ఉదయం వీధి చివర ఎవరో జీడిపిక్కలు కాల్చుతున్నట్టున్నారు. సగం కమురు, సగం తీపి కలిసిన ఆ పొగ కిటికీలోంచి వచ్చి నా కుర్చీ పక్కనే కూర్చుంది. జీడి బట్టీ పని మానేసి ఏళ్ళయింది, ఇప్పుడు నా ముక్కు ఆ వాసనను గుర్తుపడుతోంది. ఒకప్పుడు పట్టేది కాదు. పట్టని రోజుల్లోనే, మా తాత బర్మా యుద్ధం నుంచి భుజాన తగిలించుకొచ్చిన నీళ్ళబుర్రను ఇచ్చి ఒక జపాను కత్తి తెచ్చుకున్నాను. కత్తిలాంటి బేరమని ఊరంతా చెప్పుకున్నాను. తెగింది నా మెడేనని తెలియడానికి కొంత కాలం పట్టింది.

ఆ కత్తిని నాకు అంటగట్టిన మనిషి కూర్మినాయుడుగారు. పలాసలో ఆయనకు జీడిపిక్కలు కాల్చే బట్టీ ఉండేది. నేను అందులో కాటా దగ్గర గుమస్తాను. కార్గిల్ యుద్ధం ముగిసిన కొత్తలో, మిలిటరీ అన్న మాటకే మా వైపు ఛాతీలు ఉబ్బుతున్న రోజులవి. మా ఉద్దానం ఊళ్ళల్లో మిలిటరీకి వెళ్ళినవాడు లేని వీధి తక్కువ. వాళ్ళు తెచ్చి అటక మీద పడేసిన టోపీలు, బూరలు, తుపాకీ కొసకు బిగించే కత్తులు నాయుడుగారి మేడ గదికి చేరేవి. ఆయన ఎవరినీ అమ్మమని అడిగేవారు కాదు. పాతది తీసుకుని కొత్త స్టీలు బిందె చేతిలో పెట్టేవారు. పాత చీరలకు గిన్నెలు ఇచ్చేవాళ్ళకు అలవాటుపడిన ఆడవాళ్ళు ఇందులో వింతేమీ చూడలేదు. ఇనప టోపీతో నీళ్ళు తోడుకోలేం కదా.

ఆ గది చూసి నాకూ పిచ్చి పట్టింది. జలంత్రకోటలో మామ్మ దగ్గరున్న నీళ్ళబుర్ర గుర్తొచ్చింది. బుర్ర అని మామ్మ పిలిచేది గానీ అది ఖాకీ కంబళి తొడిగిన మిలిటరీ సీసా. మామ్మ దాన్ని ఏడాదికి ఒక్కసారి కిందికి దింపేది. తాత తిథినాడు విస్తరి పక్కన గ్లాసు పెట్టేది కాదు. ఆ బుర్ర నిండా నీళ్ళు పోసి పెట్టేది. నాయుడుగారికి చూపించి తెస్తానని అడిగాను.

"తిథికి తెచ్చీయాలి సుమీ. మీ తాత ఇంకో దాంట్లో తాగడు" అంది మామ్మ.

నాయుడుగారు బుర్రను ఒకసారి చూసి పక్కన పెట్టారు. తర్వాత పట్టుగుడ్డలోంచి ఆ కత్తి తీశారు. నల్లగా, ముసలిగా, చూడగానే దండం పెట్టాలనిపించేలా ఉంది.

"బరంపురంలో దొరికిందిరా. జపాను ఆఫీసరుదట. నీ ముఖం సూసి ఇత్తన్నాను. ఆ బుర్ర ఉంచీసి ఎల్లు."

మామ్మకు ఇచ్చిన మాట అప్పుడు గుర్తుకు రాలేదంటే అబద్ధం. కత్తి తీసుకెళ్ళి చూపిస్తే ఆవిడే మురిసిపోతుందనుకున్నాను.

కత్తి పట్టుకున్న నా అరచేతుల్లో పొక్కులొచ్చాయి. నాకేమీ అనుమానం కలగలేదు. జీడి బట్టీలో పనిచేసేవాడి చేతులకు పొక్కులు రావడం చేపకు తడి అంటడం లాంటిది. అనుమానం మా ఆవిడ పార్వతికి వచ్చింది. ఆమెది టెక్కలి, వరి పండించే ఇల్లు. పెళ్ళయ్యాక కూడా జీడిపిక్క ముట్టుకున్న మనిషి కాదు. దుమ్ము దులపడానికి గోడకు తగిలించిన కత్తి దింపింది. మర్నాటికి నాలుగు వేళ్ళూ బొబ్బలెక్కాయి.

"ఏటండీ ఇది? జపానోడు కూడా జీడి బట్టీ పెట్టీడేటి?" అంది ఆముదం రాసుకుంటూ.

అప్పుడు వాసన చూశాను, ఏమీ పట్టలేదు; గోటితో గీకితే నల్లపూత కింద కొత్త ఇనుము మెరిసింది. కొత్త ఇనుముకు, తగిలితే చర్మం బొబ్బలెక్కించే జీడి నూనె పట్టించి, పొగ చూపి, ముసలిదాన్ని చేశారు. నా ముక్కు ఆ వాసన మధ్యే పుట్టి పెరిగి, ఎప్పుడో రాజీనామా ఇచ్చేసింది.

పరుగున మేడ ఎక్కాను. నాయుడుగారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

"పలాసలో పుట్టి జీడి వాసన పట్టనోడివి, నీకు యుద్ధాల సామాన్లెందుకురా సిమ్మాచలం?"

"కత్తి మీరే ఉంచుకోండి, నాయుడుగారండి. తాత తిథి దగ్గరకొచ్చీసింది. బుర్ర ఇచ్చీండి."

"బేరం బేరమే. నష్టపోనోడికి కన్ను తెరుచుకోదు. ఆదివారం రా, స్కూటరెక్కు. నేర్పుతాను."

ఆ ఏడు తిథికి మామ్మ విస్తరి పక్కన స్టీలు గ్లాసు పెట్టింది. నన్ను తిట్టలేదు. గ్లాసుతో మాట్లాడినట్టు, "ఈయేటికి దప్పికతోనే ఎల్లాలి" అని నీళ్ళు పోసింది. వచ్చే తిథికి బుర్ర తేకపోతే ఆ ఇంటి గడప ఎలా తొక్కాలో నాకు తెలియలేదు.

కోపంతోనే స్కూటరెక్కాను. కోపం ఉన్న మనిషి బాగా నేర్చుకుంటాడని ఆయనకు ముందే తెలుసు కాబోలు. సుమ్మాదేవి ఊళ్ళో ఒక ఇంటి వాకిట్లో ఇనప టోపీ తిరగేసి కోడిపిల్లలకు నూకలు వేస్తున్నారు. నేను గుడ్లు మిటకరించి దాన్నే చూస్తున్నాను. నాయుడుగారు మాత్రం మజ్జిగ తాగారు, కొబ్బరి కాపు గురించి అడిగారు, పిల్లల చదువులు కనుక్కున్నారు. టోపీ వైపు కన్నెత్తలేదు. లేచి వెళ్తూ వెళ్తూ, "అమ్మా, ఆ కోడిపిల్లలకి మంచి పళ్ళెం పంపుతాను" అన్నారు. అంతే, టోపీ స్కూటరెక్కింది.

"సరుకు మీద కన్ను పడితే సరుకు బరువెక్కిపోద్దిరా" అన్నారు దారిలో. ఇంకో ఆదివారం, "వస్తువు వయసు అడక్కు. ముసిలితనం ఎవడైనా పూత్తాడు. ఇన్నాళ్ళూ ఎక్కడ తొంగుందో అడుగు" అన్నారు. మరొకసారి, కాశీబుగ్గలో ఒకాయన వసారాలో వేలాడదీసిన తుపాకీని దాటి వస్తూ, "అసలు సరుకున్నోడు సూపించడు. ఏటుందని అడిగితే ఏటీ లేదంటాడు" అన్నారు.

చదువుకున్న చదువులో నాకు గుర్తున్నది తక్కువ. ఆ స్కూటరు వెనక సీటు మీద విన్నది మాత్రం ఒక్క ముక్క పోలేదు. ఎదుటివాళ్ళు ముందుకు నెట్టేదాన్ని కాక వెనక్కు జరిపేదాన్ని చూడటం అక్కడే అలవాటైంది. మోసం చేసినవాడే గురువు కావడం నా జాతకంలో ఉన్న పొదుపు.

ఆ చివరి పాఠం విన్న రోజే ఇంటికొచ్చి గోడ మీది కత్తి దింపాను. మామ్మ పాత చీరలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఎవరికీ ఒక్క అబద్ధమూ చెప్పలేదు. టీ కొట్టు దగ్గర, "ఏటి మావా, ఆ జపాను కత్తి ఓపాలి సూపించవేటి?" అని అడిగేవాళ్ళు. "ఏటీ లేదు" అని టీ తాగేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ కొట్టులో నా కత్తి నాకంటే పెద్దమనిషి అయింది.

బట్టీలో నాయుడుగారు నన్ను కొత్తగా చూడటం మొదలుపెట్టారు. "ఎవలికైనా సూపించేవేటిరా?" అన్నారొక రోజు, కాటా ముల్లు మీద కళ్ళు పెట్టి.

"లేదండి."

"మరి పెట్టెలో ఎందుకెట్టీవు?"

"ఏటీ లేదండి."

తాత తిథికి ముందు ఆదివారం మా వాకిట్లో స్కూటరు ఆగింది. నాయుడుగారు మజ్జిగ తాగారు. టెక్కలిలో వరి కోతల గురించి పార్వతిని అడిగారు. ట్రంకు పెట్టె ఆయన మోకాలికి జానెడు దూరంలో ఉంది. దాని వైపు కన్నెత్తలేదు. అప్పుడు నాకు అర్థమైంది, పెట్టె బరువెక్కిందని.

లేస్తూ లేస్తూ చేతిసంచీలోంచి నీళ్ళబుర్ర తీసి అరుగు మీద పెట్టారు. "మీ మామ్మ బెంగెట్టుకుందట కదరా. ముసిల్దాని ఉసురు నాకెందుకు? ఆ తుప్పు ముక్క నాకిచ్చీ."

"అది జీడి నూనె రాసిన కొత్త ఇనుమే కదండీ."

"నూనె రాసింది నానే. లోపలేటుందో నానెక్కడ సూసేను? ఇచ్చీరా."

బుర్రను పార్వతికి అందించాను. "దుమ్ము పట్టీసింది, తుడిచి తెత్తానండి" అని పెట్టెను లోపలి గదిలోకి ఈడ్చుకెళ్ళాను. చెదలు పట్టకుండా గుమ్మాలకు రాసే జీడి నూనె సీసా ఆ గది మూలనే ఉంటుంది. శుభ్రంగా తుడిచాను. దేనితో అని ఆయన అడగలేదు.

నాయుడుగారు చీర మడతలు విప్పారు. ఎక్కడెక్కడి సామాన్లనో చేతిరుమాలుతో తప్ప ముట్టని మనిషి, పిడి నుంచి కొస దాకా వట్టి అరచేత్తో నిమిరారు. ముక్కు దగ్గరకు కూడా తీసుకున్నారు. ఏమీ పట్టలేదు. ఆయన ముక్కూ పలాస ముక్కే.

తాత ఆ ఏడు కడుపునిండా నీళ్ళు తాగాడు. నాయుడుగారు పోయారు. మామ్మ కూడా పోయాక ఆ బుర్ర నా ఇంటికే వచ్చింది. ఇప్పుడు ఈ పొగ వాసనలో దాని మూత తిప్పుతూ కూర్చున్నాను. ఎక్కడ తొంగుందో దీన్ని అడగక్కర్లేదు.

అప్పట్లో, కత్తి తీసుకెళ్ళిన మర్నాడు నాయుడుగారు బట్టీకి ఆలస్యంగా వచ్చారు. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. ఆముదం వాసన వేస్తోంది. టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని నా కాటా పక్కన నిలబడ్డారు.

"ఏటైందండీ?" అన్నాను.

గుడ్డ చుట్టిన చెయ్యి వెనక్కు జరుపుకున్నారు.

"ఏటీ లేదు" అన్నారు.