టీచరమ్మ చున్నీ మీది మాట

సిరిసిల్ల కొత్తబట్ట మడత విప్పగానే వచ్చే గంజి వాసనకు నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. వెంటనే రజియా టీచరమ్మ గుర్తొస్తారు. తెలుగు పండితురాలిగా రిటైరై, కోరుట్లలో మా వెనకింట్లో ఉండేవారు. బడి గడప తొక్కని నన్ను తన వసారాలో కూర్చోబెట్టి అక్షరాల నుంచి అలంకారాల దాకా నేర్పారు. ఆ రుణం ఎన్ని దండాలకూ తీరదు. దీపకాలంకారం చెప్పిన రోజు వాళ్లాయన మీద అలిగి ఉన్నారు. “పొద్దుగాల మా సాబు పేపరు, తలుపు, నోరు మూసిండు. మూసుడు ఒక్కటే బిడ్డా, మూడింటికీ సరిపోయింది. గడప మీద దీపం లోపలికీ బయటికీ ఎలుగిచ్చినట్టు” అన్నారు. లోపల సాబుగారు గట్టిగా దగ్గారు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. జగిత్యాల ఊరేగింపుకు మా వాడ బ్యానర్ రాసే పని టీచరమ్మ నాకు అప్పగించారు. నలుగురిలో నోరు విప్పని పిల్లను, నా రాత చూసి నవ్వుతారేమోనని భయపడ్డాను. రాస్తారోకోలు దాటుకుని సిరిసిల్ల నుంచి ఒక్క బట్టే చేరింది. ‘తెలంగాణ నేతన్నలకు, బీడీ అక్కలకు, రైతులకు, దర్జీలకు కావాలి’ అని రాయాలి. అందరికీ కలిపి ఒక్కటే ‘కావాలి’. కానీ రాస్తుంటే బీడీలు చుట్టే లచ్చక్క వచ్చి నిలబడింది. “మేం గంత సన్నగున్నమా? పెద్దగ రాయి!” ఆమెను పెద్దగా రాస్తే దర్జీలు ఊరుకుంటారా? కాదనలేక అందరినీ పెద్ద చేశాను. ‘దర్జీలకు’ దగ్గర బట్ట అయిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. టీచరమ్మ చదివి, “ఏమైంది వీళ్లందరికీ? జరమచ్చిందా?” అని నవ్వి, దండెం మీది తెల్ల చున్నీ లాగి ఇచ్చారు. దాని మీద ‘కావాలి’ రాశాను. మర్నాడు జగిత్యాలలో బ్యానర్ కొసన ఆ చున్నీ పట్టుకుని ఆవిడే నడిచారు.

మధ్యాహ్నం నమాజు వేళైంది. చున్నీ నా చేతిలో పెట్టి, “చదువుకొని అస్త, పట్టుకో” అన్నారు.

“నేనా? గింతమంది ముందటనా?”

“మరి దీపం లేకుంట వాళ్లను చీకట్ల నిలవెడ్తవా?”

ఆవిడ అటు వెళ్లగానే చున్నీ మడిచి చంకలో దాచుకున్నాను. రోడ్డు పక్కన ఒక ముసలాయన బ్యానర్ ఆసాంతం చదివి, “దర్జీలకు... ఏమైందే బిడ్డా?” అని అడిగాడు. లచ్చక్క వెనక్కి తిరిగి నన్నే చూసింది. దేవుణ్ని తలచుకుని చున్నీ విప్పాను. “కావాలె!” అని అరిచింది నేనేనా అని నాకే అనుమానం. మా వాడ మొత్తం ఆ మాట అందుకుంది.

టీచరమ్మ తిరిగొచ్చి చున్నీకి చేయి చాపారు. నేను ఇవ్వలేదు.

ఆవిడ ఇప్పుడు లేరు. రోజూ పొద్దున దేవుడి ముందు నా వాళ్ల పేర్లన్నీ వరుసగా చెప్పి, చివర ఒక్కసారే ‘చల్లగా చూడు తండ్రీ’ అంటాను. పేర్లు ఏటేటా పెరుగుతున్నాయి. ఆ చివరి మాటకు మాత్రం ముందే చోటు ఉంచుకుంటాను. దాన్ని ఆనుకునే టీచరమ్మ పేరు.