లేవని టెంకాయ

గంగాధరప్ప టెంకాయను అడగనిదే ఏ పనీ చేయడు. ఎర్రమట్టిపల్లెలో ఎవరిని అడిగినా ఆయన గురించి ముందు చెప్పే మాట అదే. అరవై ఏడేళ్ల మనిషి. తెల్ల పంచె, భుజాన గుడ్డసంచి, సంచిలో పీచు వలిచి పిలక మాత్రం ఉంచిన ఒక టెంకాయ. కదిరి బస్సు ఎదురుగా ఆగి హారన్ కొడుతున్నా సరే, ముందు ఆ కాయ బయటికి రావాలి. దాన్ని అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి, కళ్లు మూసుకుని నాలుగడుగులు వేస్తాడు. కాయ లేచి నిలబడితే ఎక్కుతాడు. పడుకునే ఉంటే, "లెయ్యలేదప్పా, నువ్వు పో" అని డ్రైవరుకు చెయ్యి ఊపుతాడు.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఆరేళ్లుగా ఆ టెంకాయ ఒక్కసారి కూడా లేవలేదు.

అందువల్ల గంగాధరప్ప ఆరేళ్లుగా బస్సెక్కలేదు. చెల్లెలి మనవరాలికి సంబంధం వస్తే చూడ్డానికి వెళ్లలేదు. పన్ను పీకించుకోవాలని పక్కింటాయన బండి మీద కదిరి ఆసుపత్రి గడప దాకా వెళ్లి, అక్కడ కాయను అడిగి, పన్నుతోనే తిరిగొచ్చాడు. మూడో రోజు జొన్నరొట్టె తింటుండగా ఆ పన్ను దానంతటదే ఊడి కంచంలో పడింది. "చూసినావా, దానికి ముందే తెలుసు" అని టెంకాయకు పసుపు రాశాడు.

ఒక్క కాఫీ విషయంలో మాత్రం టెంకాయను అడగడు. ఎవరైనా కాఫీ అన్నారంటే చటుక్కున సంచి మూతి ముడి వేసేస్తాడు. "కాఫీ సంగతి దాన్ని అడగకూడదప్పా. అడిగితే అదేమంటాదో ఏమో" అంటాడు.

ఆయన భార్య రామాంజినమ్మ దుఃఖం వేరు. "ముప్పై ఏండ్లుగా ఇంట్లో టెంకాయ ఉండాది. దోసెలోకి మాత్రం చెనక్కాయ చట్నీనే" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంటుంది.

అసలు గంగాధరప్ప వృత్తి బోరుకు చోటు చూపించడం. ఆ సీమలో చోటు చూపించేవాడు లేనిదే ఎవరూ బోరు వేయరు. అరచేతిలో టెంకాయతో చేనంతా నడుస్తాడు, కింద నీళ్లున్నచోట కాయ లేచి నిలబడుతుంది. అనంతపురం నుంచి ఆఫీసర్లు మిషన్లు తెచ్చి కొలిస్తే, వాళ్లకు మజ్జిగ ఇచ్చి సాగనంపి గంగాధరప్పను పిలుచుకున్న ఊరు అది. ఆయన మంచి రోజుల్లో ఎన్ని చోట్లు చూపించాడో లెక్కలేదు. ఒకడు నాలుగు వందల అడుగులు దించితే పక్కవాడు ఆరు వందలు దించాడు. పక్కవాడి నీళ్లు తన బోరులోకి రావాలన్న పంతంలో ఊరు ఊరంతా జల్లెడయింది. చివరికి జల్లెడలో నీళ్లు నిలుస్తాయా? పాతిక బోర్లలో ఒక్క గోవిందప్ప బోరు మాత్రమే రెండించుల నీళ్లు పోస్తూ మిగిలింది. గోవిందప్ప ఆ నీళ్లతో దర్జాగా వరి పెట్టాడు. కరువు సీమలో వరి పెట్టడమంటే ఎండలో కంబళి కప్పుకోవడమే, కానీ చెప్పేదెవరు?

ఇప్పుడు ఓబిలేష్ సంగతి. గంగాధరప్ప చెల్లెలి కొడుకు. రాయదుర్గంలో నాలుగేళ్లు జీన్సు ప్యాంట్లు కుట్టి, నడుంనొప్పి సంపాదించుకుని, భూమే నయమని తిరిగొచ్చినవాడు. రెండున్నర ఎకరాల్లో వేరుశనగ వేశాడు. మొక్క పూత పూసి, ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఇరవై మూడు రోజులు ఒక్క చినుకు లేదు. వారంలోపల ఒక్క తడి అందకపోతే పంట పశువులకు మేతే. ఓబిలేష్‌కు ఇది మొదటి పంట. ఇది పోతే మళ్లీ రాయదుర్గం, మళ్లీ ప్యాంట్లు.

"మామా, నా చేనిలో ఒక చోటు చూపించు" అన్నాడు.

గంగాధరప్ప చేనంతా నడిచాడు. టెంకాయ ఎండలో కుక్కలా పడుకుంది.

"లెయ్యలేదు అల్లుడా."

"ఇంగో మారు చూడు మామా. ఈ మూల నడువు."

ఆ మూలా నడిచాడు. లేవలేదు. మర్నాడు ఓబిలేష్ టెంకాయకు కుంకుమ పెట్టి, ఊదొత్తి వెలిగించి, "నాయనా, లెయ్యి నాయనా" అని గడ్డం పట్టుకున్నంత పని చేశాడు. లేవలేదు. మూడో రోజుకు ఓపిక చచ్చింది.

"నీ టెంకాయకు నేనంటే గిట్టదు మామా. బోరు బండికి చెప్పేసినా. రేపు పొద్దున వస్తాది. కదిరి నుంచి వేపపుల్లాయన వస్తాడు, ఆయప్ప చూపిస్తాడు చోటు."

గంగాధరప్ప మొహం మాడిపోయింది. చెంబు తీసుకుని పెరట్లోకి స్నానానికి వెళ్లాడు.

గూటానికి తగిలించిన గుడ్డసంచి ఓబిలేష్ కంటబడింది. ఇన్నాళ్లూ ఆ కాయను మామ చేతిలో చూడ్డమేగానీ తాకింది లేదు. తీశాడు. తేలిగ్గా ఉంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు. గట్టిగా ఊపాడు. లోపల చుక్క నీరు లేదు. ఎండి గిటకైపోయిన కొబ్బరి!

నీళ్లున్న కాయైతేనే నీళ్లను చూసి లేస్తుందని ఆ ఊళ్లో పసివాడికి కూడా తెలుసు. ఎండుకాయ పట్టుకుని గంగ మీద నిలబడినా అది కదలదు.

"అత్తా!" అని అరిచాడు. "ఆరేండ్లుగా ఊరందరికీ మామ చెవిలో పూలు పెడతాండాడు! ఇది ఒట్టి కాయ!"

రామాంజినమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి కాయను అతని చేతిలోంచి మెల్లగా తీసుకుంది.

"గట్టిగా అరవద్దురా. నాకు తెలీదా? అటకమీంది దించి ఇచ్చింది నేనే."

"నువ్వా?"

"జయరాముడు జ్ఞాపకముండాడా? ఆయప్ప బోరు మీ మామ చూపించిందే. ఏడు వందల అడుగులు పోయినా దుమ్మే లేచింది. ఎద్దులమ్మినాడు, చేనమ్మినాడు, బెంగుళూరులో ఎవురిదో గేటు కాడ కూసున్నాడు. పోతాపోతా మీ మామకు దండం పెట్టి, 'నీదేం తప్పు లేదన్నా' అనె. ఆ మాటకు మీ మామ మూడు దినాలు అన్నం ముట్టలే. నాలుగో దినం, అటక మీద ఎండుకాయ ఉంటే ఇయ్యమన్నాడు."

"బోర్లు చూపించేది మానుకుంటానని చెప్పొచ్చు గదా?"

"మానుకుంటే ఇంగోనికాడికి పోతారు, వాడు చూపిస్తాడు. ఈయప్ప టెంకాయ లెయ్యలేదంటే మాత్రం నమ్మి ఊరుకుంటారు. నోటితో అబద్ధం చెప్పేది ఆయప్పకు చేతగాదు. అందుకే లెయ్యని కాయ పెట్టుకున్నాడు. లెయ్యలేదనే మాట నిజమే గదా!"

"మరి బస్సు? పన్ను?"

"బోరుకు లెయ్యని కాయ బస్సుకు లేస్తే ఊరోళ్లు నమ్ముతారా?" అంది రామాంజినమ్మ. "సగం నవ్వులాటకే చేస్తాడులే."

ఓబిలేష్ కోపం సగం చల్లారింది. మిగతా సగం ఎక్కడికి పోతుంది? చేనిలో మొక్కలు తలలు వేలాడేశాయి.

"అయితే నా చెనక్కాయ ఎండిపోనీమంటావా అత్తా?"

పెరట్లో చెంబు చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని ఇద్దరూ అప్పుడు గమనించారు.

తెల్లారేసరికి బోరు బండి చేని దగ్గరికి వచ్చేసింది. తమిళ డ్రైవరు గొట్టాలు దించుతున్నాడు. ఊరు సగం గట్టు మీదే ఉంది. వేపపుల్లాయన ఇంకా రాలేదుగానీ, గంగాధరప్ప వచ్చాడు. గుడ్డసంచీ వచ్చింది.

"పరాయోన్ని పిలిచేదెందుకురా? నేనే చూస్తా" అన్నాడు. ఓబిలేష్ కళ్లలోకి మాత్రం చూడలేదు.

చేనిలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. లేవలేదు. ఆగకుండా గట్టు దాటాడు. పక్కనే ఉన్న గోవిందప్ప వరిమడిలోకి దిగాడు. మోకాలి దాకా పంచె ఎత్తి, చేతిలో కాయతో, బోరు గొట్టం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

టెంకాయ నిటారుగా లేచింది!

జనం ఒక్కసారిగా గోల పెట్టారు. ఆరేళ్ల తర్వాత లేచిన కాయ! కొందరు చెంపలు వేసుకున్నారు. వెంటే నడిచి వెళ్లిన ఓబిలేష్‌కు మాత్రం పిలక కింద కాయను ఎత్తిపట్టిన మామ బొటనవేలు కనిపించింది. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి ఎనభై మంది ఊళ్లోవాళ్ల మధ్య, చెమటలు కక్కుతూ మొదటి అబద్ధం చెబుతున్నాడు. అదీ ఓబిలేష్ కోసం.

"ఏందన్నా ఇది?" గోవిందప్ప నడుం మీద చేతులు వేసుకున్నాడు. "నా బోరు కాడ నీళ్లుండాయని చెప్పేదానికి టెంకాయ కావల్లా? మా ఇంట్లో మేకపిల్లకూ తెలుసు."

అందరూ నవ్వారు. గంగాధరప్ప నవ్వలేదు.

"ఓబిలేషు నీళ్లు యాడుండాయని అడిగినాను. ఈడుండాయనింది. నన్నేం చేయమంటావు?"

"వాని నీళ్లు నా బోరులో ఎట్లుంటాయన్నా?"

"వాడు ఈడికి ఎనభై అడుగుల దూరంలో బోరు దించుతాడు. నీది వట్టిపోతాది. నువ్వు ఇంగా లోతుకు దించుతావు, వానిది వట్టిపోతాది. పక్క చేనోడు దించిన పొద్దు మీ నాయన బోరు ఏమైనాదో మర్చిపోయినావా? కింద ఉండేది ఒక్క కుండ గోవిందప్పా. ఎంతమంది గొట్టాలు పెట్టి పీల్చినా ఒక్క కుండే."

గోవిందప్ప నవ్వు ఆగిపోయింది. వాళ్ల నాయన బోరు దుమ్ము పోసిన రోజు అతను మర్చిపోలేదు. కానీ మనిషి గడుసువాడు. కళ్లు చికిలించి, "అన్నీ సరేగానీ, ఆరేండ్లు పండుకున్న కాయ నా బోరు కాడే లేచేదేంది? ఏదీ, ఇట్లా తే. ఒగసారి ఊపి చూస్తా" అని చెయ్యి చాచాడు.

గంగాధరప్ప మొహంలో నెత్తురు లేదు.

చాచిన చేతికంటే ముందు ఓబిలేష్ చెయ్యి పడింది. కాయను లాక్కుని తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకున్నాడు. "చెప్పులేసుకుని ముట్టుకుంటావా? దేవుని కాయ! ఆరేండ్లకు లేచింది, మైలపడితే ఇంగ అరవై ఏండ్లు పండుకుంటాది!"

గోవిందప్ప గబుక్కున వెనక్కి తగ్గాడు.

"బండి పంపించేస్తా గోవిందప్పన్నా" అన్నాడు ఓబిలేష్ అదే ఊపులో. "ఈ పొద్దే కాదు, పదేండ్లు నా చేనిలో బోరు వెయ్యను. నీ బోరు బతికుంటాది. నాకు వారానికి ఒక తడి ఇయ్యి. పైపులు నేను తెచ్చుకుంటా."

"మరి నా వరి?"

"నీ వరి తాగే నీళ్లకు ఐదిండ్ల చెనక్కాయ బతుకుతాది నాయనా" అంది గట్టు మీద నుంచి రామాంజినమ్మ. "కొర్రలేసుకో. బియ్యం అంగట్లో దొరుకుతాయి, నీళ్లు దొరుకుతాయా?"

గోవిందప్ప వరిమడిని చూశాడు, బోరును చూశాడు, తువ్వాలు మూటను చూశాడు. "ఈ పంట కోసుకోనీండి. మళ్లా పెట్టను" అన్నాడు చివరికి. "అట్లయితే మాకూ ఒక తడి" అని ఇంకో ముగ్గురు గట్టు దిగారు. డ్రైవరు దించిన గొట్టాలు మళ్లీ ఎక్కించుకుంటూ, "ఇదేం ఊరప్పా, టెంకాయ మాట విని బండి ఎనక్కి పంపిస్తారు" అని గొణిగాడు. రామాంజినమ్మ అతన్ని ఇంటికి తీసుకెళ్లి నాలుగు దోసెలు పెట్టింది. చెనక్కాయ చట్నీతో.

ఓబిలేష్ పంట దక్కింది. గొప్పగా ఏం కాదు, రాయదుర్గం పోనక్కర్లేనంత. మరుసటి ఏడు ఆ బోరు నీళ్లు పంచుకునేవి తొమ్మిది కుటుంబాలయ్యాయి. వాన రాకముందే కంది, కొర్ర, అలసంద, ఆముదం అన్నీ కలిపి చల్లారు. వేసవిలో ఎర్రగా కాలిపోయే నేల ఏదో ఒక పచ్చదనం కప్పుకుని కూర్చుంది. గంగాధరప్ప గడ్డపార భుజాన వేసుకుని ఎండిన బోర్ల చుట్టూ తిరిగాడు. ఒక్కో బోరు చుట్టూ గుంట తవ్వి, గులకరాళ్లు పోసి, వాననీళ్లు లోపలికి దిగేట్టు కాలువ తీయించాడు. "ఈ బొక్కలన్నీ నేను చూపించినవే. నేనే నింపల్ల" అన్నాడు. మొదటి గుంట జయరాముడి చేనిలో. ఆ రోజు ఊళ్లో ఎవరూ ఆయనతో హాస్యమాడలేదు, గడ్డపారలు తెచ్చుకున్నారు.

ఒక పొద్దున ఓబిలేష్ వెళ్లేసరికి మామ ఇంట్లో కమ్మటి వాసన. రామాంజినమ్మ రోట్లో ఎండుకొబ్బరి కారం దంచుతోంది. గూటానికి తగిలించిన సంచిలో మాత్రం ఏదో గుండ్రంగా ఉంది. ఓబిలేష్ తీసి ఊపాడు. గుడుగుడుమంది.

"నీళ్లకాయ! మామా, ఎవురన్నా బోరుకు చోటు చూపించమంటే ఎట్ల?"

"ఇంగెవురడుగుతారులే" అన్నాడు గంగాధరప్ప. కాయను అందుకుని అరచేతిలో పడుకోబెట్టుకున్నాడు. ఏదో పెద్ద ధైర్యం చేస్తున్నవాడిలా గొంతు సవరించుకున్నాడు. "అమ్మా గంగమ్మా, కాఫీ తాగుదునా?"

టెంకాయ లేచి నిలబడింది.

ఓబిలేష్ వంగి, బొటనవేలు కోసం కింద వెతికాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "అత్తా, మామకొకటి, నాకొకటి" అన్నాడు.