నడివీధి గీత

లోర్నా పనల్లా నియోజకవర్గాల పాత పటం మీద కొత్త పటాన్ని కంప్యూటర్లో పరిచి, తనను పెట్టుకున్న పార్టీకి గిట్టని ఓట్లు అవతలికి పోయేలా గీతలు జరపడం. కళ్ళజోడు నెత్తిమీదికి నెట్టి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా చూస్తుంది. గీత కుదిరితే నాలుక చప్పరిస్తుంది. నిరుడు తన వీధి వంతు వచ్చింది. కంప్యూటర్ మిషను తనంతట తాను గీసిన గీత వీధినంతా ఒకే వైపు ఉంచింది. ఎదుటి వరస ఇళ్ళవాళ్ళు ఎన్నికలప్పుడు ఇంటి ముందు గడ్డిలో ఏ పార్టీ బోర్డులు పాతుతారో ఆమెకు తెలుసు. గీతను నడివీధిలోకి లాగి, నాలుక చప్పరించింది.

ఈ ఆదివారం ఎదురింటి అంబ్రోస్, ఆ కరోలినా ప్రాంతపు ఎండకు పండిన పెరటి టమాటాలు సంచీలో వేసుకొచ్చాడు. "ఏమ్మా లోర్నా, ఇన్నేళ్ళూ ఒకే కారులో పోయి ఓటేసొచ్చాం. ఇప్పుడు నీదొక నియోజకవర్గం, నాదింకోటంట! ఏ తలమాసినవాడు గీశాడో చూసి పెట్టు. నువ్వు చేసేది పటాల పనేగా." లోర్నా రెండు పటాలూ తెరిచి చూపించింది. కొత్త గీత ఇద్దరి వాకిళ్ళ నడుమ ఎర్రగా మెరిసింది. ఆమె మెడ దాకా సెగ పాకింది. "మిషను గీసింది, మిస్టర్ అంబ్రోస్," అంది తల ఎత్తకుండా. "అట్లా చెప్పు మరి!" అంటూ ఆయన సంచీ ఆమె ఒళ్ళో పెట్టాడు. "పోనీలే పాపం, మనం ఇరుగుపొరుగని దానికేం తెలుసు?"