చక్రాల ఇంటికి ఈశాన్యం

ఆ రోజుల్లో, అంటే తొంభైల మధ్యలో, చేతిలో డిప్లొమా ఉన్న కుర్రాడికి లోకంలో బిగించలేని నట్టంటూ లేదనిపించేది. నాకైతే మరీను. మెకానికల్ పాసై, ఎక్కడా ఉద్యోగం రాక, ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే మా మావయ్య షెడ్డులో చేరాను. పాత ఇనుము కనిపిస్తే కొనేయడం మావయ్యకో జబ్బు. ఒకసారి బోర్లు వేసే కంపెనీవాళ్ళు, తమ ఇంజనీర్లు ఊరి బయట మకాం పెట్టడానికి వాడిన ట్రైలరొకటి అమ్మేస్తుంటే ఎగిరి గంతేసి తెచ్చేశాడు. దాని ముందు భాగం, దాన్ని లాగే లారీ వీపు మీదికెక్కి కూర్చుంటుంది. వెనకంతా రేకుల గది, అందులో రెండు మంచాలు, కిటికీలు, ఓ మూల వంటగట్టు. "దీన్నేం చేస్తావు మావయ్యా?" అంటే, "అమ్మని సముద్రానికి తీసుకెళ్తా" అన్నాడు.

మా అమ్మమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. భవానీపురంలో కాపురం, తెల్లవారకముందే కృష్ణలో స్నానం, ఆపైన మడి. పరాయి ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. పెళ్ళికి వెళ్ళినా చీకటి పడేలోగా ఇల్లు చేరాల్సిందే. అంతటి మనిషికి ఉన్న కోరికల్లా ఒక్కటే. "రోజూ మునిగే కృష్ణమ్మ చివరికి ఎక్కడికి పోతుందో ఒక్కసారి కళ్ళారా చూడాలిరా" అనేది. హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుందని అందరికీ తెలుసు. కానీ అక్కడ రాత్రి ఉండి మాఘ పౌర్ణమి స్నానం చేయాలంటే వంటెక్కడ, పడకెక్కడ? ఆ చిక్కుతోనే ఏళ్ళు గడిచాయి, మోకాళ్ళూ మొరాయించడం మొదలుపెట్టాయి. ఆవిడ ఇల్లు వదిలి రానంటే ఇల్లే వెంట తీసుకెళ్దామని మావయ్య పట్టుదల.

గ్యాసుపొయ్యి, నీళ్ళ ట్యాంకు, దేవుడికో అర, కిటికీ పక్కన తులసికో ఇనప గూడు, అన్నీ అమిరాయి. వెల్డింగంతా మా షెడ్డు వెల్డరు టేపు భాయ్‌దే (మెళ్ళో కొలత టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు). అమ్మమ్మను తీసుకొచ్చి చూపించాం. ఆవిడ కుడికాలు లోపల పెట్టిందో లేదో బండి అటూ ఇటూ ఊగింది. "ఇది ఇల్లట్రా, ఉయ్యాలట్రా? ఇందులో పాలు పొంగిస్తే నా నెత్తిన పడతాయి" అని దిగిపోయింది.

ఇంకేం, నా డిప్లొమాకి పని దొరికింది. నాలుగు మూలలా నాలుగు ఇనప కాళ్ళు పెట్టించాను. జాకీతో బండిని ఎత్తి, కాళ్ళు కిందికి దించి, పిన్నులు కొడితే బండి గోడలా నిలబడుతుంది. తాపీమేస్త్రీల నీళ్ళ గొట్టం తెచ్చి మట్టం కూడా చూశాను. అమ్మమ్మ మళ్ళీ ఎక్కింది, అటూ ఇటూ నడిచింది, చెంబుతో నేల మీద నీళ్ళు పోసింది. నీళ్ళు ఎటూ పోలేదు. నేను మురిసిపోతూ ఉంటే ఆవిడ మొహం చిట్లించింది.

"ఇదేం మట్టంరా? నైరుతి ఎత్తుండాలి, నీళ్ళు ఈశాన్యానికి పారాలి. ఇంత చదివావు, ఆ మాత్రం తెలీదూ?"

మేం ముగ్గురం బుద్ధిగా తలలూపాం. అది చక్రాల బండి, ఇవాళ ఒకవైపు తిరిగితే రేపు ఇంకోవైపు తిరుగుతుందని ఒక్కరికీ తట్టలేదు! పైగా టేపు భాయ్ రెచ్చిపోయాడు. "అదెంత పనండీ అమ్మగారూ! మా ఇల్లు కట్టినప్పుడూ ఈశాన్యం చూసే కట్టామండి. నైరుతి కాలు పెంచేస్తా, ఈశాన్యం కాలు తగ్గించేస్తా. నా వెల్డింగు జన్మలో ఊడదండి." ఏ కాలు ఎంత ఉండాలో నేనే లెక్క కట్టి సుద్దముక్కతో గీతలు గీశాను. ఈసారి నీళ్ళు చక్కగా ఈశాన్యానికి పారాయి. "ఇప్పుడు ఇల్లయింది" అంది అమ్మమ్మ.

పౌర్ణమి ముందురోజు బయల్దేరాం. పాలు పొంగించేదాకా పచ్చి గంగ ముట్టనని అమ్మమ్మ పొద్దున్నుంచీ ఉపవాసం. అవనిగడ్డ దాటేదాకా మినీ లారీ క్యాబిన్‌లో కూర్చుని పొలాలన్నీ పేరుపేరునా పలకరిస్తున్నట్టే చూసింది. సముద్రం హోరు వినిపించేచోట దారి మెలికలు తిరిగి, సరుగుడు తోట పక్కన ఆగింది. బండి ఎత్తాం, కాళ్ళు దించాం, పిన్నులు కొట్టాం. అమ్మమ్మ కిందికి దిగి, వాలుతున్న సూర్యుణ్ణి చూసింది, బండిని చూసింది.

"ఒరే, పడమర ఇటు కదా?"

మేం ముగ్గురం బండి చుట్టూ తిరిగి చూశాం. షెడ్డులో తూర్పుకి తిరిగి ఉన్న బండి ఇక్కడ పడమరకి తిరిగి నిలబడింది. పొట్టి కాలు నైరుతిలో, పొడుగు కాలు ఈశాన్యంలో! లారీ తగిలించి తిప్పబోతే దాని చక్రాలు ఇసకలో దిగబడ్డాయి. "ఆ కాళ్ళు కోసెయ్యి భాయ్" అన్నాడు మావయ్య. "మిషను షెడ్డులో ఉందండి." "పోనీ సమ్మెట పెట్టి కొట్టు!" భాయ్ దిగాలుగా (కాస్త గర్వంగా కూడా) అన్నాడు, "జన్మలో ఊడదని చెప్పాను కదండీ."

అమ్మమ్మ తిట్టి ఉంటే బావుండేది. తిట్టలేదు. "పోనీలేరా, హోరైనా విన్నాను. ఇంటికెళ్ళిపోదాం పద" అంది మెల్లగా. మావయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏమనుకున్నాడో, లోపలికెళ్ళి అట్లకాడ తెచ్చి పొడుగు కాలి కింద ఇసక తవ్వడం మొదలుపెట్టాడు. భాయ్ గరిటె అందుకున్నాడు, నేను సత్తు పళ్ళెం. చేపల బుట్టలతో వెళ్తున్న ఒకావిడ ఆగి, "ఏం పోగొట్టుకున్నారండీ?" అని అడిగింది.

"ఈశాన్యం అమ్మా" అన్నాడు భాయ్.

అంతలో కాలి కింద తడి ఇసక బుసుక్కున జారింది. బండి ఆ మూలకి ఒరిగి, కిర్రుమని, కదలకుండా కూర్చుంది. అమ్మమ్మ చెంబుతో నీళ్ళు పోసింది. ఈశాన్యానికే పారాయి! ఆవిడ పొయ్యి వెలిగించి పాలు పెట్టింది. పొంగి గిన్నె అంచు దాటగానే మావయ్యా భాయీ ఒకర్నొకరు కావిలించుకుని చిన్నపిల్లల్లా గంతులేశారు.

మర్నాడు పొద్దున్నే మావయ్యా నేనూ చెరో చెయ్యి పట్టుకుని అమ్మమ్మను నీళ్ళలోకి దించాం. కృష్ణ వచ్చి సముద్రంలో కలిసేచోటు కేసి చాలాసేపు చూసింది. చూసి, దణ్ణం పెట్టి, మునిగింది. ఒడ్డుకొచ్చేసరికి చలికి గజగజ వణుకుతోంది. నిన్నటి చేపలావిడ తన టీ కేటిల్లోంచి గ్లాసులో పోసి, "తాగండమ్మా, పొగలు కక్కుతోంది" అంటూ చాపింది.

"అమ్మా, ఒక్క క్షణం! మన పొయ్యి వెలిగించేస్తా" అంటూ మావయ్య బండి వైపు పరుగు తీశాడు. అప్పటికే గ్లాసు అమ్మమ్మ చేతిలో ఉంది.

"కృష్ణమ్మే తన నీళ్ళు వేరుగా దాచుకోలేదురా ఇక్కడ. నేనెంత?" అని ఊదుకుంటూ తాగి, గ్లాసు మళ్ళీ చాపింది. "ఇంకాస్త పొయ్యవే తల్లీ."

మావయ్య సగం దారిలో అట్లాగే నిలబడిపోయాడు. ఆయన వెనకాల, ఇన్ని నెలలు ఇంతమందిమి నిలబెట్టిన ఇల్లు ఒక పక్కకి ఒరిగి నిక్షేపంగా ఉంది.

ఇప్పుడు అమ్మమ్మ లేదు. బండి ఆటోనగర్‌లో టిఫిన్ల కొట్టయింది (కాళ్ళు ఇప్పటికీ ఊడలేదు). మొన్న మా కొత్త ఫ్లాటులో పాలు పొంగిస్తే, ఎటు పొంగాయో చూడమని అందరూ నన్నే కేకేశారు, ఇంట్లో మట్టం తెలిసినవాణ్ణి నేనే కదా! సుద్దముక్కతో ఈశాన్యం కొలిచిన ఆ మొనగాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నేను అప్పటికే ఎదురింటివాళ్ళ గుమ్మంలో నిలబడి, వాళ్ళిచ్చిన టీ తాగుతున్నాను.