కాంటా దగ్గరి నాలుగో సాకెట్టు

వికారాబాద్‌లో మా ఇంటి పైగదిలో కూర్చొని నేను డ్రైవర్లు రాస్తాను. ఒక పరికరం ఏం చెబుతోందో కంప్యూటర్‌కు తెలియజేసే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. మా మేనత్తకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా, చుట్టాల దగ్గర మాత్రం నేను డ్రైవర్ల ఆఫీసులో పనిచేస్తానంటుంది.

తాండూరు శివార్లలో బండల లారీలను తూచే ఒక కాంటాకు మా చిన్న కంపెనీ ఒక పెట్టె తయారుచేసి ఇచ్చింది. అందులో ఒక తల్లి కార్డు, ఆ కార్డుకు నాలుగు సాకెట్లు. బరువు చెప్పేది ఒకటి, చీటీ కొట్టే ప్రింటరు ఒకటి, లారీ సరిగ్గా నిలబడిందో లేదో చూసే కన్ను ఒకటి. ఈ మూడూ పిల్ల పరికరాలు. నాలుగో సాకెట్టు ఖాళీ.

పిల్ల పరికరానికి పని పడినప్పుడు అది కంప్యూటర్‌ను పిలుస్తుంది. దాన్నే ఇంటరప్ట్ అంటాం. ఇక్కడ సాకెట్లన్నింటికీ కలిపి పిలిచే తీగ ఒక్కటే. అందుకని పిలుపు వచ్చినప్పుడల్లా కెర్నెల్, అంటే కంప్యూటర్‌ను నడిపే అసలు ప్రోగ్రాము, మూడు డ్రైవర్లనూ వరసగా "ఇది నీదా?" అని అడుగుతుంది. ఎవరిదైతే వాళ్ళు అందుకుంటారు. ఈ ఏర్పాటు నాదే. దాని మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

పెట్టె బిగించిన వారానికే ఫోన్లు మొదలయ్యాయి. రోజూ పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి కాంటా మీద అంకె కదలకుండా నిలిచిపోతోందట. ఆపి మళ్ళీ వేస్తే నడుస్తోందట. వాళ్ళు పంపిన లాగ్‌లో, అంటే కంప్యూటర్ తన పనులు రాసుకునే చిట్టాలో, కెర్నెల్ రాసుకున్న వాక్యం ఒకటి కనిపించింది: ఈ పిలుపును ఎవరూ పట్టించుకోలేదు, తీగ మూసేస్తున్నాను. వేలసార్లు అడిగినా మూడు డ్రైవర్లూ "నాది కాదు" అన్నాయి. మరి పిలిచిందెవరు? ఎంత ఆలోచించినా తోచక, పొద్దున ప్యాసింజర్ ఎక్కి తాండూరు వెళ్ళాను.

కాంటా గదిలో కూర్చొనేది గడ్డం నెరిసిన ఒక పెద్దాయన. డ్రైవర్ సంగతి చూసే మనిషి వస్తోందని మా మేనేజరు ఆయనకు ముందే చెప్పాడు. నన్ను చూడగానే బండి నంబరు అడిగాడు. బండి లేదన్నాను.

"బండి లేకుంట డ్రైవరెట్లయినవ్ బిడ్డా?"

"నడిపే డ్రైవర్ కాదు చాచా. నేను డ్రైవర్లు రాస్త."

ఆయన "మా దిక్కు డ్రైవర్లు నడుపుతరు, రాసుడు నా పని," అని చీటీల పుస్తకం చూపించాడు. అయినా కుర్చీ తుడిచి వేశాడు.

గంటన్నరసేపు లారీలు వస్తున్నాయి, పోతున్నాయి, అంకె చక్కగా మారుతోంది. నేను వచ్చినందుకే మంచిగా నడుస్తోందని చాచా తేల్చేశాడు. ఎండలో పడి వచ్చినదాన్ని, చాయ్ తాగి పొమ్మని టేబుల్ కింద చెయ్యి పెట్టి ఏదో నొక్కాడు. రోడ్డు అవతలి హోటల్లో గంట మోగింది. అదే క్షణంలో కాంటా మీద అంకె ఆగిపోయింది. చాచా ఏమాత్రం కంగారు పడకుండా పెట్టె ఆపడానికి లేచాడు.

నేను నేల మీద కూర్చొని టేబుల్ కిందికి చూశాను. అక్కడే ఉన్న మా పెట్టె నాలుగో సాకెట్టులోంచి తీగలు కిటికీ గుండా రోడ్డు దాటి హోటల్‌కు వెళ్తున్నాయి. గంటకు కరెంటు కావాలని చాచా సాకెట్టులోని తీగలను చేతికి దొరికినట్టు కలిపి మెలిపెట్టాడు. అందులో పిలిచే తీగ కూడా ఉంది. చాయ్ కోసం ఆయన గంట కొట్టిన ప్రతిసారీ మా కంప్యూటర్‌కు కూడా పిలుపు వెళ్తోంది. జవాబిచ్చేవాడు లేక ఆ పిలుపు ఆగట్లేదు, కెర్నెల్ విసిగి తీగ మూసేస్తే బరువు పిలుపు కూడా దాంతోపాటే ఆగిపోతోంది. అంకె ఆగినప్పుడల్లా చాయ్ వేళ అని ఆయనకు తోచనే లేదు.

"ఖాళీ ఉన్నదని వెట్టిన బిడ్డా. తప్పయిందా?" అన్నాడు చాచా మెల్లగా.

తప్పు ఆయనది కాదని చెప్పాను. సాకెట్టు ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి పెడతారు. ఆ మాట డిజైన్ రాసిన రోజున నాకు తట్టలేదు. సాయంత్రం ఫోన్లో మా మేనేజరు, వాళ్ళు పెట్టెలో వేలు పెట్టారని ఉత్తరం రాద్దామన్నాడు. నేను వద్దన్నాను. చివరికి ఆయన, సరే, నువ్వే సరిచెయ్ అన్నాడు.

సరిచేశాను. ఇప్పుడు పిలుపు ముందు తల్లి కార్డు డ్రైవర్‌కే వస్తుంది. ఏ సాకెట్టు నుంచి వచ్చిందో కార్డు మీది గుర్తును బట్టి అదే చూసి, ఆ పిల్లకు మాత్రమే అప్పజెబుతుంది. డ్రైవర్ లేని సాకెట్టు పిలిస్తే ఆ ఒక్కదాని నోరు మూస్తుంది, మిగతావాటి జోలికి పోదు.

మరుసటి వారం మళ్ళీ వెళ్ళి కొత్త ప్రోగ్రాము ఎక్కించాను. గంట తీసేస్తానని చాచా తీగ పట్టుకున్నాడు. ఉండనీయమని, ఇరవైసార్లు నొక్కమన్నాను. ఆయన ఒక్కోటీ లెక్కపెడుతూ నొక్కాడు. అంకె ఎక్కడా ఆగలేదు. కాంటా మీదున్న లారీ చీటీ తీసుకొని దిగిపోయింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఇంతలో హోటల్ నడిపే ఆమె రొప్పుతూ రోడ్డు దాటి వచ్చింది. ఒక చేతిలో పెద్ద కెటిల్, ఇంకో చేతిలో ఒకదాంట్లో ఒకటి దూర్చిన ఇరవై కాగితం గ్లాసులు. ఇంతమంది ఎక్కడున్నారని గదంతా చూసింది. ఉన్నది మేమిద్దరమే. చాచా నన్ను చూపించి, ఈమె డ్రైవర్, టెస్టింగ్ చేసింది అన్నాడు. బయట వరసలో ఉన్న లారీల వాళ్ళను పిలిచి అందరికీ పోశాం. నాకు మూడు గ్లాసులు వచ్చాయి.

ఖాళీ కెటిల్ పట్టుకొని వెళ్తూ ఆమె గుమ్మం దగ్గర ఆగింది. "మళ్ల టెస్టింగ్ ఉంటె ముందుగాల చెప్పమ్మా," అంది. "పాలు ఎక్కువ తీసుకుంట."