ఏడో తరగతి బి సెక్షన్, మొదటి బెంచీ

కరోనా తర్వాత బడులు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన రెండో ఏడు, దసరా సెలవులు అయిపోగానే నాకు మెంటర్ బాధ్యత అప్పగించారు. అప్పుడు నేను తిరువూరులో ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. బి.ఇడి. చదివేవాళ్లు కోర్సులో భాగంగా కొన్ని నెలలు బడిలో పాఠాలు చెప్పాలి. దాన్ని ఇంటర్న్‌షిప్ అంటారు. వాళ్లు చెబుతుంటే తరగతిలో వెనక కూర్చుని గమనించి, పరిశీలన పత్రం నింపి, ఎక్కడ ఏం మార్చుకోవాలో చెప్పే టీచరే మెంటర్. మామూలుగా సీనియర్లకు ఇచ్చే పని. లెక్కలకు నేనొక్కదాన్నే ఉండటంతో హెడ్మాస్టరు గారు నా పేరు రాసేశారు. ఇప్పుడు నేను ఆ ఉద్యోగం మానేశాను. ఆ పని ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే మాత్రం ఈ సంగతే చెబుతాను.

నాకు అప్పగించిన ట్రైనీ ప్రభాకర్ గారు. పక్కనున్న వినగడప ఊరి మనిషి. వయసులో నాకంటే పెద్ద. ఎరువుల దుకాణంలో చాలా ఏళ్లు పనిచేసి, అది వదిలేసి ఆలస్యంగా బి.ఇడి.లో చేరారు. ఇంటర్వెల్లో పిల్లలు ఆయన చుట్టూ మూగి కబుర్లాడేవారు. అదే పిల్లలు, అదే మనిషి, పీరియడ్ మొదలయ్యేసరికి తరగతి బిగుసుకుపోయేది. ఆయన ప్రశ్న అడిగితే ఒకరిద్దరు నసిగేవారు. మిగతావాళ్లు కదిలేవారు కాదు.

పెద్దవాళ్లకు ఎదురుగా తప్పు చెప్పడం నాకు చేతకాదు. అందుకని అన్నీ పత్రంలోనే రాసేదాన్ని. గొంతు పెంచాలి. ప్రశ్న అడిగాక కాసేపు ఆగాలి. బోర్డుకు అడ్డంగా నిలబడకూడదు. ఆయన అన్నీ చదువుకుని మర్నాటికల్లా సరిచేసుకుని వచ్చేవారు. తరగతి మాత్రం అలాగే ఉండేది. కోర్సు చివర ఫైనల్ లెసన్ ఉంటుంది. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు ముందు ఒక పీరియడ్ పాఠం చెప్పాలి. అందులో తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే.

ఒకరోజు వరండాలో ఆగి ఆయనే కదిలించారు.

“మేడం, ఒక మాటంటాను, ఏమీ అనుకోకండి. నాకిది వచ్చేలా లేదండి. షాపు ఓనరు గారు మళ్లీ రమ్మంటున్నారు.”

అప్పుడే తొందరపడొద్దని ఏదో గొణిగాను.

“తొందర కాదండి. పిల్లలు నా వైపు చూడట్లేదు. ఏది అడిగినా మీ వైపే చూస్తున్నారు. మీరు తలూపితేనే చెబుతున్నారండి.”

నాకు నమ్మకం కలగలేదు. మర్నాడు పత్రం పక్కన పెట్టి గమనించాను. ఆయన ఒక ప్రశ్న వేశారు. వరుసలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. కార్తీక్ అనే కుర్రాడు “పదిహేను సార్” అన్నాడు, కళ్లు నా మీద పెట్టి. అప్పటికే నా తల కిందికి పైకి ఆడింది. తక్కువ మాట్లాడే టీచర్ని కాబట్టి నా తరగతులు అలాగే నడిచేవి. జవాబు సరైనదైతే తల ఊపేదాన్ని, కాకపోతే కనుబొమలు ఎత్తేదాన్ని. పిల్లలకు అది బాగా అలవాటైపోయింది. వెనక నేనుంటే వాళ్లకు ముందున్న సారుతో పనే లేదు.

తల దించుకుని కూర్చుని చూశాను. “మేడంకి కోపమొచ్చిందిరా” అని గుసగుసలు మొదలయ్యాయి. వరండాలో నిలబడితే మెడలన్నీ కిటికీ వైపు తిరిగాయి. పూర్తిగా వెళ్లిపోదామంటే, పాఠం జరుగుతున్నంతసేపు మెంటర్ తరగతిలో ఉండాలన్నది నియమం.

ఆ తర్వాత మొదటి బెంచీలో కూర్చున్నాను, ఆడపిల్లల పక్కన, పిల్లలకు వీపు పెట్టి.

“మేడం, మీరు కూడా హోంవర్కు చెయ్యాలా?” అంది శ్రావణి, జరిగి చోటిస్తూ.

“చెయ్యకపోతే గోడకుర్చీనే” అన్నారు ప్రభాకర్ గారు. తరగతంతా నవ్వింది. ఆయన పీరియడ్‌లో ఆ నవ్వు వినడం అదే మొదటిసారి.

కానీ పాఠం నడుస్తుంటే ఇంకో చిక్కు తెలిసింది. ఈసారి ప్రతి మాటకూ నా ముఖం వైపు చూసింది ఆయన. దాంతో నేనూ ఒక నోటుపుస్తకం తెరిచి, బోర్డు మీది లెక్కలు పిల్లల్లాగే ఎక్కించుకోవడం మొదలుపెట్టాను. తల ఎత్తితే బోర్డు వైపే చూసేదాన్ని. మొదట్లో ఆయన మాటలు మధ్యలో తెగిపోయేవి. ఆ వారం గడిచాక పిల్లలను పేరు పెట్టి అడగడం మొదలుపెట్టారు.

ఫైనల్ లెసన్ రోజు ఎగ్జామినరు గారు, కాలేజీ తరఫున సూపర్‌వైజరు గారు వచ్చారు. హెడ్మాస్టరు గారు వెనక మూడు కుర్చీలు వేయించారు. నేను మొదటి బెంచీ వైపు నడవడం సూపర్‌వైజరు గారు చూశారు.

“మేడం, మీరు ఇక్కడ కూర్చోవాలండి. అక్కడేంటి? పాఠం నేర్చుకుంటారా?”

పిల్లలు కిసుక్కుమన్నారు. బయటివాళ్ల ముందు నా నోరు పెగలదు. ప్రభాకర్ గారు సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నారు, నా వైపు చూడకుండా.

“నేను వెనక ఉంటే పిల్లలు సారు కోసం కాక నా కోసం జవాబు చెబుతారు సార్. ఇక్కడే కూర్చుంటాను” అన్నాను. ఎగ్జామినరు గారు సరే కానివ్వండని చేయి ఊపారు.

సామాన్య సమీకరణాల పాఠం. ఒక సంఖ్యను మూడు రెట్లు చేసి, దానికి ఆరు కలిపితే ఇరవై ఒకటి వచ్చింది. ఆ సంఖ్య ఎంత? కార్తీక్ “ఒకటి” అన్నాడు. ఇరవై ఒకటిని ముందు మూడుతో భాగించి, తర్వాత ఆరు తీసేశాడు. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి “ఐదు” అంది. ప్రభాకర్ గారు రెండూ బోర్డు మీద రాశారు. ఏది సరైనదో చెప్పలేదు.

“రెండూ ఎలా అవుతాయి? మీరే తేల్చండి.”

తరగతి నిశ్శబ్దమైపోయింది. వెనక పరీక్షించేవాళ్లున్నప్పుడు అలాంటి నిశ్శబ్దం ట్రైనీని చాలా భయపెడుతుంది. చాలామంది అక్కడే లొంగిపోయి జవాబు చెప్పేస్తారు. నాకు వెనక్కి తిరిగి, ఐదు అన్న పిల్లకు తల ఊపాలనిపించింది. బోర్డునే చూస్తూ కూర్చున్నాను. ఆయనా కదల్లేదు.

నా పక్కనున్న శ్రావణి లేచింది. “సార్, ఒకటి పెట్టి చూద్దాం. మూడొకట్ల మూడు, ఆరు కలిపితే తొమ్మిదేగా!”

“మరి ఐదు?” అన్నాడు కార్తీక్, ఒప్పుకోకుండా.

“నువ్వే పెట్టి చూడు” అన్నారు ప్రభాకర్ గారు. వాడు వచ్చి వేశాడు. ఇరవై ఒకటి. తను ముందు ఏది తీసేసి ఉండాల్సిందో వాడే చెప్పి, బోర్డు మీద ఒకటిని కొట్టేశాడు. ఇంతలో బెల్లు మోగింది.

పాఠ్య పథకంలో చివరి రెండు మెట్లు, పునశ్చరణ, ఇంటిపని, మిగిలిపోయాయి. వాటికి మార్కులు తగ్గుతాయి. స్టాఫ్ రూములో సూపర్‌వైజరు గారు ఆ మాటే అన్నారు, కాస్త నొచ్చుకుంటూ. పాఠం పూర్తి కాలేదని ఎగ్జామినరు గారు కూడా రాశారు. ఆ కిందే, పిల్లలు జవాబును తామే సరిచూసుకున్నారని మరో వాక్యం రాశారు. ప్రభాకర్ గారు పాసయ్యారు, ఓ మోస్తరు మార్కులతో. షాపుకు మాత్రం తిరిగి వెళ్లలేదు.

తర్వాతి ఏడాది మరో ఇద్దరు ట్రైనీలు వచ్చారు. మొదటి వారం వాళ్ల గొంతు గురించి గానీ, బోర్డు మీది రాత గురించి గానీ నేను ఏమీ రాయలేదు. ప్రశ్న పడినప్పుడు పిల్లలు ఎవరి ముఖం చూస్తున్నారన్నదే గమనించాను. అది నా ముఖం అయినంతకాలం ట్రైనీ లోపాలంటూ నేను రాసేవాటిలో కొన్ని నావే. మెంటర్ తన కుర్చీ ఎక్కడ వేసుకోవాలో తేల్చుకున్నాకే పరిశీలన పత్రం తెరవాలి.